తీగ, ఫెల్టు, చెక్క: మీ పియానో సందేహాలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ మంది రాసింది ఒకటే గోడు: కీ నొక్కితే దిగుతోంది, పైకి రావడం లేదు. అందుకే దానికి కాస్త విస్తారంగా రాశాను. మిగతావాటికి ఎంత అవసరమో అంతే. ఏ ఫిర్యాదు వచ్చినా నేను మొదట తేల్చుకునేది తప్పు తీగదా, ఒత్తిన ఉన్నితో చేసే ఫెల్టుదా, చెక్కదా అని. అది తేలేదాకా స్క్రూడ్రైవర్ జోలికి పోకండి.

ప్రశ్న: మాది అప్‌రైట్ (నిలువు) పియానో. ఎండలున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. వానలు పట్టుకున్నాక మధ్యలో వరసగా ఏడెనిమిది కీలు నొక్కితే కిందే ఉండిపోతున్నాయి. వేలితో ఎత్తితే లేస్తాయి. లోపల స్ప్రింగులు పాడయ్యాయంటారా? పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, రోజూ ఇదే టెన్షన్.
– ఒక సంగీతం టీచరు

జవాబు: టీచరుగారూ, పియానో కీ కింద స్ప్రింగు ఉండదండీ. కీ అంటే పొడవాటి చెక్క పట్టీ. మనకు కనిపించేది దాని ముందు భాగమే, అంతకంటే ఎక్కువ భాగం లోపల ఉంటుంది. మధ్యలో ఒక పిన్ను మీద అది అటూ ఇటూ తూగుతుంది. వెనక కొస మీద యాక్షన్, అంటే కీ కదలికను హ్యామర్‌కు అందించే భాగాల బరువు పడుతుంది కాబట్టి వేలు తీయగానే ముందు కొస పైకి లేస్తుంది. కీని పైకి తెచ్చేది ఆ కొద్దిపాటి బరువే. దారిలో కాస్త రాపిడి తగిలినా కీ అక్కడే కూర్చుంటుంది.

ఆ రాపిడి ఎక్కడుందో వెతకాలి. పై మూత ఎత్తితే లోపల రెండు పక్కలా గడియల్లాంటివి కనిపిస్తాయి. అవి తిప్పి ముందు పలకను తీసేయండి. తీగలను కొట్టే హ్యామర్లన్నీ వరసగా కనిపిస్తాయి. ఇప్పుడు మొరాయిస్తున్న కీని నొక్కి వదిలి, మెల్లగా వేలితో ఎత్తి చూడండి. ఎత్తేటప్పుడు ఏదో పట్టుకున్నట్టు బిగువుగా ఉంటే తప్పు కీదే. కీ లేచినా హ్యామర్ మాత్రం తీగ వైపే వాలి ఉండిపోయి, తీరిగ్గా వెనక్కి వస్తుంటే కీకి ఏ పాపమూ తెలియదు, హ్యామర్ తిరిగే ఇరుసు బిగిసింది. ఇక కీ బరువే లేనట్టు తేలిగ్గా లేచి, వదలగానే మళ్లీ పడిపోతుంటే వెనక దాని మీద వాలాల్సిన యాక్షన్ భాగం పైనే ఇరుక్కుపోయిందన్నమాట. చివరి రెండూ టెక్నీషియన్ చేయాల్సిన పనులు. అక్కడ మిల్లీమీటరున్నర కూడా లావు లేని పిన్ను ఉన్ని గుడ్డలో తిరుగుతుంటుంది. దాన్ని మార్చాలన్నా సడలించాలన్నా చెయ్యి తిరిగి ఉండాలి.

మీరు రాసిన తీరు చూస్తే నాకు కీల మీదే అనుమానం. అందులోనూ వరసగా ఏడెనిమిది అన్నారు కాబట్టి ఇంకో అనుమానం కూడా ఉంది. తెల్ల కీల ముందు అడ్డంగా ఒక సన్నటి చెక్క పట్టీ ఉంటుంది చూడండి, కీ స్లిప్ అంటారు. తేమకు అది ఉబ్బి మధ్యలో లోపలికి వంగితే కీల ముందు అంచులకు రాసుకుంటుంది. ఒక విజిటింగ్ కార్డు తీసుకుని కీలకూ ఆ పట్టీకీ మధ్య ఎడమ నుంచి కుడిదాకా జరపండి. మొరాయించే కీల దగ్గరే కార్డు ఆగిందంటే దొంగ దొరికినట్టే. చాలా పియానోల్లో ఆ పట్టీ స్క్రూలు అడుగు నుంచి ఉంటాయి. వాటిని విప్పి, స్క్రూ దగ్గర పలచటి అట్టముక్క వేసి మళ్లీ బిగిస్తే పట్టీ వెంట్రుకవాసి ముందుకు వస్తుంది. పని అయిపోయినట్టే.

కార్డు హాయిగా జరిగిపోతే బుషింగులు చూడాలి. కీ పక్కదారి పట్టకుండా రెండు పిన్నులు పట్టి ఉంచుతాయి. మధ్యలోది గుండ్రటిది, ముందుది అండాకారంలో ఉంటుంది. ఆ పిన్నులు దూరే కంతల లోపలి గోడలకు నేసిన ఉన్ని గుడ్డ అతికించి ఉంటుంది. అదే బుషింగ్. తేమకు ఉన్నీ ఉబ్బుతుంది, చెక్కా ఉబ్బుతుంది, పిన్నుకు ఊపిరాడదు. కీ ముందు కొసను రెండు వేళ్లతో పట్టుకుని ఎడమకూ కుడికీ కదపండి. ఉందా లేదా అన్నంత సందు ఉండాలి. అసలు కదలకపోతే బుషింగే కారణం. మా దగ్గర దీనికోసమే ఒక పట్టకారు ఉంటుంది. దాంతో కంత గోడలను మెత్తగా నొక్కితే గుడ్డ అణుగుతుంది. అయితే వానలు జోరుమీద ఉన్నప్పుడు ఆ పని చేయించకండి. ఇప్పుడు సరిపోయేంత సందు ఇస్తే, గాలి పొడిబారాక అవే కీలు లొడలొడమంటాయి. ముందు గదిలో తేమ తగ్గించి కొన్నాళ్లు చూడండి. సగం కీలు వాటంతటవే తేరుకుంటాయి. అప్పటికీ తేరుకోని వాటికే పట్టకారు.

ఇంకో మాట. ముందున్న అండాకారపు పిన్నును తిప్పితే కీ సర్దుకుంటుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. తిప్పకండి. తిప్పిన పిన్ను అంచు గుడ్డను కోసేస్తుంది. ఎవరో తిప్పి వదిలేసిన పిన్నులు సరిచేయడానికే నాకు బోలెడు సమయం పట్టిన ఇళ్లున్నాయి.

ప్రశ్న: పియానో లోపల అడుగున ఒక గ్లాసుతో నీళ్లు పెడితే చెక్క పగలదని మా పెద్దవాళ్లు అనేవారు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: నీళ్లు ఎప్పుడు ఆవిరవ్వాలో ఎప్పుడు ఆగాలో గ్లాసుకు తెలియదు. పొడి రోజుల్లో అది ఇచ్చే తేమ ఏ మూలకూ చాలదు. తడి రోజుల్లో అది అసలు అక్కర్లేదు. ఎవరి కాలైనా తగిలి ఒలికిందంటే మాత్రం నష్టం ఖాయం.

పియానోకు కావలసింది నిలకడ. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. అంతకంటే ముఖ్యం, అది ఈ వారం ఒకలా పైవారం ఒకలా ఊగకపోవడం. తీగల వెనక ఉండే సౌండ్‌బోర్డ్ పలచటి స్ప్రూస్ చెక్క. చెక్క తేమకు పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఈ పలకకు తీగల వైపు కొద్దిగా ఉబ్బెత్తు పెట్టే తయారుచేస్తారు. తేమ పెరిగితే ఆ ఉబ్బెత్తు ఇంకా లేచి, బ్రిడ్జ్‌ను (తీగల అదురును పలకకు అందించే చెక్క పట్టీని) తీగల మీదకు నెట్టి, శ్రుతిని పెంచుతుంది. ఎండితే దిగుతుంది, శ్రుతీ దిగుతుంది. అందుకే ఎవరూ ముట్టుకోని పియానో కూడా శ్రుతి తప్పుతుంది. ఏడాదికి రెండుసార్లు ట్యూనింగ్ చేయించమని మేం పోరేది ఇందుకే. తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని పియానో ఉన్న గదిలోనే పెట్టండి, పక్క గదిలో కాదు. అంకె బాగా ఊగుతుంటే, పియానో లోపలే బిగించే తేమ నియంత్రణ పరికరాలున్నాయి. అవి తేమను కొలుచుకుంటూ హీటర్ రాడ్‌ను, నీటి తొట్టిని వాటంతటవే నడుపుతాయి. కొలిచే భాగం లేకుండా ఉత్త హీటర్ రాడ్ ఒక్కటే పెట్టి వదిలేయడం మాత్రం నాకు నచ్చదు. గ్లాసు తడిపినట్టే ఇది ఎండబెడుతుంది, ఎక్కడ ఆగాలో దీనికీ తెలియదు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఫోన్‌లో ట్యూనింగ్ యాప్ ఉంది. ట్యూనింగ్ లివర్ కూడా కొనుక్కుంటే మా పియానోను నేనే శ్రుతి చేసుకోవచ్చా? ఒక్క కీకి మూడు తీగలెందుకు?
– ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, రెండో ప్రశ్న ముందు చూద్దాం. ఒక్క సన్నటి తీగ చప్పుడు బలహీనంగా ఉంటుంది. లావు చేస్తే స్వరం దిగిపోతుంది. అందుకని సన్నటివే మూడు పక్కపక్కన పెట్టి ఒకే హ్యామర్‌తో కొట్టిస్తారు. కింది స్వరాలకు రాగి చుట్టిన లావు తీగ ఒక్కటి చాలు, కాస్త పైకి వస్తే రెండు, ఆపైన అన్నిటికీ మూడు. అలా 88 కీలకు అన్నీ కలిపి సుమారు 230 తీగలు.

ఇప్పుడు నీ యాప్ సంగతి. ఒక తీగ ఎంత శ్రుతిలో ఉందో కొలవడంలో మంచి యాప్‌కు వంక పెట్టను. మా వాళ్లలో చాలామంది వాడుతున్నారు. కష్టం కొలవడంలో లేదు, నిలబెట్టడంలో ఉంది. తీగ చుట్టుకుని ఉండే ట్యూనింగ్ పిన్ను పిన్‌బ్లాక్ అనే గట్టి చెక్కలో దిగ్గొట్టి ఉంటుంది. నువ్వు లివర్‌తో తిప్పినప్పుడు పిన్ను మొదట మెలి తిరుగుతుంది, ఆ తర్వాతే చెక్కలో కదులుతుంది. యాప్‌లో ముల్లు సరిగ్గా సున్నా మీదకు వచ్చిందని లివర్ తీసేస్తే ఆ మెలిక విడిపోతుంది, రేపటికి తీగ ఎక్కడో ఉంటుంది. పిన్ను కదిలిందా, మెలి తిరిగిందా అన్నది మణికట్టుకు తెలియాలి. అది ఏ తెర మీదా కనిపించదు. అందుకే మీ ఇంట్లో మంచి పియానో మీద మొదలుపెట్టొద్దు. ఎవరైనా పారేయబోతున్న పాతది దొరికితే దాని మీద ఎంతైనా తిప్పు.

కొత్తవాళ్లు తీగ తెంపేది ఎలాగో తెలుసా? చెవి ఒక తీగ మీద, లివర్ పక్క తీగ పిన్ను మీద ఉంటుంది. తిప్పుతున్నా శ్రుతి మారడం లేదేమిటని ఇంకా తిప్పుతారు. ఠప్పుమంటుంది.

చెవి తయారు చేసుకోవడానికి లివర్ అక్కర్లేదు. ట్యూనర్ వచ్చిన రోజు బడి లేకపోతే పక్కన కూర్చో. మూడు తీగల్లో రెండిటి మధ్య రబ్బరు ముక్క దోపి వాటి నోరు మూసి, ఒకదాన్ని శ్రుతి చేస్తారు. తర్వాత రెండోదాన్ని దానికి కలుపుతారు. ఒకటి 440 హెర్ట్జ్‌లో, ఇంకొకటి 441లో ఉంటే సెకనుకు ఒకసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. దాన్ని బీట్ అంటాం. రెండూ దగ్గరవుతున్న కొద్దీ ఆ ఊగు నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. ఆ ఆగే క్షణాన్ని పట్టుకోవడమే మొదటి పాఠం. ఆ తర్వాత ఇంకో వింత తెలుస్తుంది. ఒక స్వరంలోని తీగల మధ్య బీట్ ఉండకూడదు గానీ, స్వరానికీ స్వరానికీ మధ్య ఉండి తీరాలి. అర స్వరంలో నూరో వంతును సెంటు అంటాం. పంచమం రెండు సెంట్లు ఇరుకు, గాంధారం దాదాపు 14 సెంట్లు వెడల్పు. ఆక్టేవ్‌ను 12 సమాన భాగాలు చేసినందుకు కట్టాల్సిన పన్ను అది. పైగా ఉక్కు తీగ బిరుసుది కావడంతో దాని ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటే సన్నగా మోగే పై స్వరాలు) లెక్క కంటే కాస్త పైన పలుకుతాయి. అందుకని పై కొస స్వరాలను లెక్క కంటే కాస్త పైకి, కింది కొస స్వరాలను కాస్త కిందికి సాగదీసి శ్రుతి చేస్తారు. చిన్న పియానోల్లో పై కొస 30 సెంట్ల దాకా పోవచ్చు. మామూలు గిటార్ యాప్‌కు ఇదంతా తెలియదు. ప్రతి స్వరాన్నీ పుస్తకంలో ఉన్న అంకెకు తెచ్చి "అయిపోయింది" అంటుంది. అప్పుడు పై స్వరాలు ఎందుకు దిగినట్టు వినిపిస్తున్నాయని నువ్వు మళ్లీ నాకు ఉత్తరం రాస్తావు.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి పియానో చాలా ఏళ్లు మూతపడి ఉంది. ట్యూనర్‌ను పిలిస్తే "అర స్వరం దిగిపోయింది, 440కి తెమ్మంటే తీగలు తెగుతాయి, అలాగే ఉన్నచోట శ్రుతి చేస్తాను" అన్నారు. ఇది పని తప్పించుకోవడమా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పించుకోవడం కాకపోవచ్చండీ. లెక్క చూడండి. పియానో తీగలన్నీ కలిసి ఇనుప చట్రం మీద వేసే లాగుడు సుమారు 18 టన్నులు. అర స్వరం దిగిన పియానోలో 440 హెర్ట్జ్ పలకాల్సిన తీగ 415 దగ్గర పలుకుతుంది. తిరిగి పైకి తేవాలంటే ప్రతి తీగ లాగుడూ దాదాపు 12 శాతం పెరగాలి. అంటే చట్రం మీద, బ్రిడ్జ్ మీద, పిన్‌బ్లాక్ మీద కలిపి సుమారు రెండు టన్నుల బరువు కొత్తగా మోపుతున్నారు. ఏళ్ల తరబడి వదులుగా బతికిన పియానో అది. పోత ఇనుప చట్రం ఈ బరువు కోసమే వచ్చింది. ఒకే ముక్కగా పోసిన చట్రానికి ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు చెక్క చట్రాలతో ఇంత లాగుడు ఊహకు కూడా అందదు. మీది ఇనుప చట్రమే అయితే భయం చట్రం గురించి కాదు, తీగల గురించి, పిన్‌బ్లాక్ గురించి.

మీరే కొన్ని చూడవచ్చు. పై మూత ఎత్తి టార్చి వేయండి. తీగలు పిన్నుకు చుట్టుకున్న చోట, పైన ఇనుప బారు కింద వంగిన చోట తుప్పు పొరలుగా ఉందా? తీగ తెగేది మధ్యలో కాదు, ఆ వంపుల దగ్గరే. తర్వాత పిన్నుల చుట్టూ చూడండి. నూనె మరకలాంటి నలుపు గానీ, పిన్ను పైకొస తీగ లాగుడుకు కిందికి వాలినట్టు గానీ ఉంటే పిన్‌బ్లాక్ పట్టు సడలిందని అనుమానించాలి. ట్యూనర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "పిన్నులు పట్టు నిలుపుతున్నాయా?" అని. లివర్ చేతిలో ఉన్నవాడికి ఆ సంగతి నిమిషంలో తెలుస్తుంది.

తీగలు శుభ్రంగా, పిన్నులు గట్టిగా ఉంటే పైకి తేవచ్చు. కానీ ఒక్క రోజులో అవదు. ఒక చివర నుంచి బిగిస్తూ పోతే సౌండ్‌బోర్డ్ మీద బరువు పెరిగి కిందికి అణుగుతుంది, ముందు బిగించినవి మళ్లీ దిగుతాయి. అందుకని మొదటి విడతలో ఎంత దిగిందో దానిలో పావువంతు అదనంగా పైకి లాగి వదులుతాం. అన్నీ చుట్టి వచ్చేసరికి అవి దాదాపు చోటుకు చేరతాయి. రెండో విడత దానికంటే సున్నితంగా, మూడోది అసలు ట్యూనింగ్. కొన్ని వారాల తర్వాత ఇంకోసారి తప్పదు. ఒకటో రెండో తీగలు తెగడానికి మీరు ముందే సిద్ధపడాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

పిన్నులు వదులైతే దారులున్నాయి. ఒక సైజు లావు పిన్నులు వేయవచ్చు. పియానోను వీపు మీద పడుకోబెట్టి పిన్ను మొదట్లో నీళ్లలాంటి పలచటి సూపర్ గ్లూ దించే పద్ధతీ ఉంది. పాత కాలం వాళ్లు మొహం చిట్లిస్తారు గానీ, మార్చే స్తోమత లేని పిన్‌బ్లాక్‌కు అది నిజంగా పనిచేస్తుంది. మీ అంతట మీరు మాత్రం చేయకండి. అప్‌రైట్ అంటే రెండు వందల కిలోలు ఉండొచ్చు, అందులో ఎక్కువ బరువు వెనక వైపే.

ఇక 415లోనే ఉంచేస్తే? ఒంటరిగా వాయించుకునేవారికి ఏ లోటూ లేదు. 440 అనేది దేవుడు గీసిన గీత కాదు. ఫ్రాన్స్ 1859లో 435ను చట్టం చేసింది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో 440 మీద ఒప్పందం కుదిరింది. ఫ్లూటుతోనో రికార్డింగుతోనో కలిపి వాయించాలంటేనే చిక్కు. ఆ అవసరం మీకు ఉందో లేదో తేల్చుకుని అప్పుడు ట్యూనర్‌తో మాట్లాడండి. ఆయన మీకు చెప్పింది చాలామంది చెప్పని నిజం.

ప్రశ్న: కుడి పెడల్ తొక్కినప్పుడల్లా కీచుమంటోంది. కుట్టుమిషన్ నూనె వేయవచ్చా? ట్యూనింగ్ పిన్నులు కూడా తుప్పు పట్టాయి, వాటి మీదా కొంచెం...
– ఒక గృహిణి

జవాబు: పిన్నుల మీద ఒక్క చుక్క కూడా వద్దమ్మా. నూనె పిన్ను వెంట చెక్కలోకి దిగితే ఇక ఆ పిన్ను పట్టు నిలవదు. పిన్ను పైన తుప్పు చూడ్డానికి బాగోదంతే, పనికి అడ్డం రాదు. స్ప్రే నూనెలు అసలు పియానో గదిలోకే రానివ్వకండి.

పెడల్ కీచుదనం కింది పలక తీస్తే దొరుకుతుంది. ఎవరినైనా పెడల్ తొక్కమని, మీరు చెవి దగ్గర పెట్టి వినండి. ముందు వదులైన స్క్రూలు బిగించండి. చెక్కా ఫెల్టూ రాసుకునే చోట టాల్కం పౌడర్, ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట పెన్సిల్ ములికి పొడి. అంతే చాలు.

ప్రశ్న: పదేళ్ల కిందటి గ్రాండ్ పియానో. ఈమధ్య శబ్దం గాజు పగిలినట్టు కర్కశంగా ఉంది. హ్యామర్లకు సూదులతో పొడిస్తే మెత్తబడుతుందని వీడియోలో చూశాను. కుట్టుసూది వాడవచ్చా?
– ఒక పియానిస్టు

జవాబు: ముందు మూడు సంగతులు చెప్పండి. ఆఖరుసారి ట్యూనింగ్ ఎప్పుడు? గదిలోంచి తివాచీ గానీ కర్టెన్లు గానీ ఈమధ్య తీసేశారా? పియానోను గోడ మూలకు జరిపారా? కర్కశంగా ఉందంటూ పిలిచిన చోట ట్యూనింగ్ చేసి చూపిస్తే "ఇప్పుడు బాగుంది కదా" అన్నవాళ్లు ఎందరో. మూడు తీగలు కలవని స్వరం చెవికి మొరటుగానే తగులుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు హ్యామర్లు. 1700 ప్రాంతంలో పియానో కనిపెట్టిన క్రిస్టోఫోరీ హ్యామర్లు చుట్టిన కాగితంతో చేసి పైన తోలు వేసేవాడు. ఫెల్టు తొడుగు 1826లో హెన్రీ పేప్ పేటెంట్‌తో వచ్చింది. మందపాటి ఉన్ని ఫెల్టును చెక్క అచ్చు మీద గట్టిగా వంచి అతికిస్తారు. బయటి పొర సాగి, లోపలి పొర నొక్కుకుని ఉంటుంది. ఆ బిగువే దానికి ఎగిరిపడే గుణం ఇస్తుంది. వేల దెబ్బలు తిన్నాక కొస చదునవుతుంది, తీగలు కోసిన మూడు గాళ్లు పడతాయి, ఏళ్లుగా తల పెట్టిన దిండులో దూదిలా ఫెల్టు గడ్డకడుతుంది. తీగను తాకి వెంటనే వెనక్కి రావాల్సింది పోయి ఎక్కువ వెడల్పులో చరుస్తుంది. మీరు వింటున్న గాజు చప్పుడు అదే.

దీనికి మొదటి మందు సూది కాదు, గరుకు కాగితం. హ్యామర్ భుజాల దగ్గర మొదలుపెట్టి కొస వైపు పొరగా లాగుతూ, గాళ్లు దాదాపు పోయి, కొస మళ్లీ గుడ్డు ఆకారానికి వచ్చేదాకా రాయాలి. పై స్వరాల హ్యామర్లలో ఫెల్టు చాలా పలచన, అక్కడ రెండు లాగులు ఎక్కువైతే చెక్క బయటపడుతుంది. ఆకారం వచ్చాక విని, అప్పటికీ మొరటుగా ఉన్నవాటికే సూది. అదీ భుజాల్లో, లోపలికి, మధ్యభాగం వైపు. తీగను తాకే కొసలో నేరుగా పొడవకూడదు. పొడిస్తే ఆ స్వరం తడిగుడ్డ మీద కొట్టినట్టు అయిపోతుంది, తిరిగి రాదు. వీడియోలో సరిగ్గా అక్కడే పొడుస్తారు, కెమెరాకు అదే బాగా కనిపిస్తుంది మరి. కుట్టుసూది సన్నం, విరిగి లోపలే ఉండిపోతుంది. మా పిడికి పొట్టివి, గట్టివి రెండో మూడో బిగించి ఉంటాయి. ఒకటి పొడవడం, వాయించి వినడం, పక్క స్వరంతో పోల్చడం, మళ్లీ ఒకటి. ఈ పనిలో వినడానికే ఎక్కువ సమయం పోతుంది. పియానిస్టు పక్కన కూర్చుని "ఇక్కడ చాలు" అంటే పని బాగా కుదురుతుంది కాబట్టి ఆరోజు మీరు ఊళ్లోనే ఉండండి.

ప్రశ్న: తెల్ల కీలు పసుపెక్కాయి. నిమ్మరసం, టూత్‌పేస్ట్ ఏది మంచిది? ఏనుగు దంతమో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దు. నిమ్మ పులుపు దంతాన్ని తింటుంది, టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది. పాత కీలో వెడల్పు భాగం, నల్ల కీల మధ్యకు వెళ్లే సన్న భాగం కలిసే చోట అడ్డంగా సన్నటి అతుకు గీత కనిపిస్తే, వెలుతురులో ఏటవాలుగా చూసినప్పుడు సరిసమానం కాని సన్నటి చారలు కనిపిస్తే దంతం అనుకోవచ్చు. ఒకే ముక్కగా, చారలు లేకుండా ఉంటే ప్లాస్టిక్. చారలు గీత గీసినట్టు సమానంగా ఉంటే దంతాన్ని అనుకరించిన సెల్యులాయిడ్ కావచ్చు.

దంతం చీకట్లో పసుపెక్కుతుంది. మూత మూసి ఉంచిన పియానోలకే ఈ రంగు ఎక్కువ. పగటి వెలుతురు తగిలేలా కొన్నాళ్లు మూత తీసి ఉంచితే కొద్దికొద్దిగా తేరుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ పసుపు నాకిష్టం. తుడవడానికి మెత్తటి గుడ్డను తడిపి గట్టిగా పిండి, నాలుగైదు కీల చొప్పున తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి. తడి నిలిస్తే దంతం ముక్కల కింద జిగురు ఊడుతుంది. నల్ల కీలకు వేరే గుడ్డ, లేదంటే దాని నల్లరంగు తెల్లవాటికి అంటుతుంది. స్పిరిట్ తగిలితే కొన్ని ప్లాస్టిక్‌లు నెర్రెలిస్తాయి. ఊడిన దంతం ముక్క ఉంటే దాచండి, అతికించుకోవచ్చు. 1989లో ఆఫ్రికా ఏనుగును అంతర్జాతీయ వ్యాపార నిషేధ జాబితాలోకి చేర్చాక కొత్త దంతం మాటే లేదు, ఉండకూడదు కూడా.

ప్రశ్న: మంద్ర స్థాయిలో ఒక స్వరం మోగిస్తే జుయ్‌మని ఏదో అదురుతోంది. సౌండ్‌బోర్డ్ పగిలిందని ఒకాయన భయపెట్టారు.
– ఒక పాఠకుడు

జవాబు: పగుళ్లున్నా నిక్షేపంగా పాడే సౌండ్‌బోర్డులు ఎన్నో ఉన్నాయి. వెనకనున్న కర్ర పట్టీలకు పలక గట్టిగా అంటుకుని ఉన్నంత కాలం ఒట్టి పగులు చప్పుడు చేయదు. పట్టీ నుంచి విడిపోయిన చోటే అదురుతుంది.

అంతదాకా వెళ్లేముందు పియానో మీదున్న ఫొటోలు, పూలకుండీ, టేబుల్ ల్యాంపు అన్నీ తీసేయండి. ఒకరు ఆ స్వరాన్ని ఆపకుండా మోగిస్తుంటే ఇంకొకరు మూత మడతబందులు, పుస్తకాల స్టాండు, కొవ్వొత్తి చేతులుంటే అవి, కిటికీ అద్దం, ఒక్కొక్కటి వేలితో నొక్కిపట్టండి. దేన్ని నొక్కినప్పుడు అదురు ఆగిందో అదే. తర్వాత కింది పలక తీసి సౌండ్‌బోర్డ్ అడుగు అంచున చూడండి. నాకు అక్కడ పెన్సిళ్లు, నాణేలు, ఒకసారి పెళ్లి ఉంగరం దొరికాయి.

ఏదీ దొరక్కపోతే ఆ తీగనే అనుమానించాలి. రాగి చుట్టు లోపలి ఉక్కు తీగ మీద వదులైతే సరిగ్గా ఇలాగే జుయ్‌మంటుంది. టెక్నీషియన్ తీగను వదులు చేసి, కింది మేకు నుంచి కొక్కెం తప్పించి, రాగి చుట్టిన దిశలోనే ఒక మెలిక తిప్పి మళ్లీ తగిలిస్తారు. చాలాసార్లు దాంతోనే నోరు మూసుకుంటుంది. మూసుకోకపోతే కొత్త తీగ చుట్టించాలి. అప్పుడు పాత తీగను పారేయకుండా కొలతకు పంపండి. ఉక్కు లావు, రాగి లావు, చుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తీగ చుట్టేవాళ్లు దాన్ని చూసే తీసుకుంటారు. తెగిన తీగకూ ఇదే వర్తిస్తుంది, ముక్కలైనా సరే అన్నీ ఏరి కవర్లో వేసి, ఎన్నో కీదో రాసి పెట్టండి.